విచారణలేని తీర్పు

(జగిత్యాలయందు జరిగిన విద్యాభిమానుల సభలో చేయబడిన ప్రసంగపాఠము. ఇదే విషయమును కోరుట్ల, సిరిసిల్ల పట్టణములందును మనవి చేసియుంటిమి.)



న్యాయస్థానములలో నొక కట్టుబాటు గలదు. ముద్దాయి యెంతటి నేరస్థుడని లోకము నమ్మినను, వానికి సమను ముట్టక, వాని మాట వినక, సాక్ష్యమును పరిశీలింపక శిక్ష విధింపరాదు. పదిగజముల ప్రహరీగోడను కూల్చవలెనన్నను మునిసిపాలిటీవారు నోటీసిచ్చి గడువు చూపవలెను. కాని నేడు మన డిగ్రీ కళాశాలలలో నొక శాస్త్రమును, ఒక భాషను, ఒక బోధనామాధ్యమమును తొలగించుట కింతపాటి శ్రమయు నక్కరలేకున్నది. ప్రవేశముల గడువు ముగియగనే యొక పట్టిక తీయుదురు. కోర్సుపేరున కెదురుగా సున్నయో, ఆరో, ఎనిమిదో కనబడును. ఆ పంక్తిని గీటివేయుదురు. అంతటితో దావా ముగిసినది. ముద్దాయి యెవరో, చేసిన నేరమేమో యెవ్వరు నడుగరు. ఈ పద్ధతిని గురించి నాలుగుమాటలు మనవి చేయుటకే మీ యెదుట నిలిచితిమి.

మా యుద్దేశమును మొదటనే స్పష్టపరచెదము. ఏ కోర్సును ఎన్నడును మూయరాదని వాదించుటకు మేము రాలేదు. ప్రజల పన్నులతో నడచు విద్యకు లెక్క యుండవలెను. ముగ్గురు విద్యార్థులకు నలుగురధ్యాపకులను పోషించుట యెల్లకాలము సాగదు. సమీక్షయే వలదనువాడు విద్యకు మిత్రుడు గాడు. మేమడుగునది సమీక్ష. ఇప్పుడు జరుగుచున్నది సమీక్ష గాదు, తలలెన్నుట. ఈ రెంటికి గల భేదమే మా ప్రసంగవిషయము.

ముందు లెక్కనే చూతము. తెలంగాణమున 2016లో డిగ్రీ ప్రవేశములు 'దోస్త్' అను ఆన్‌లైను పద్ధతికి మారెను. అంతకుముందు ఏ కళాశాలలో నెందరు చేరిరో ఆ కళాశాల యజమానికే తెలియును. పిదప ఖాళీలు పదుగురి కంట బడెను. రాష్ట్రమందలి డిగ్రీ సీట్లు నాలుగు లక్షలకు పైబడిన యేండ్లలో చేరినవారు సుమారు రెండు లక్షలు మాత్రమే. అనగా రెండు బల్లలలో నొకటి ఖాళీ. ఈ ఖాళీ బల్ల యెక్కడనుండి వచ్చినది? ఉమ్మడిరాష్ట్రమున 2008 ప్రాంతమున బోధనరుసుముల చెల్లింపు పథకము విస్తరించిన పిమ్మట వీధికొక కళాశాల వెలసినది. బీదవాని బిడ్డకు కళాశాల ద్వారము తెరచిన మేలు ఆ పథకమునకు గలదు; దానిని మేము మరువము. కాని సర్కారు రుసుము చెల్లించునను ధైర్యముతో, పిల్లలున్నారో లేరో చూడకయే సీట్లకు దరఖాస్తులు పెట్టిరి, అనుమతులు నిచ్చిరి. ఆ చెల్లింపులు బకాయి పడగా 2024లో ప్రైవేటు డిగ్రీ కళాశాలలవారు తలుపులు మూసి నిరసన తెలుపవలసివచ్చెను.

కాబట్టి ఖాళీసీటు కనబడినంతనే విద్యార్థులా చదువును నిరాకరించిరని తలపరాదు. చాల సీట్లు పుట్టుకతోనే ఖాళీ. వానిని తీసివేయుట మూసివేత గాదు, తప్పు లెక్కను దిద్దుట. అందుకు మాకభ్యంతరము లేదు. కాని గీటు పడుచున్నది వానిమీదనేనా? నగరమున పది కళాశాలలలో నొకే విధమగు వాణిజ్యశాస్త్రము నేర్పుచున్నప్పుడు ఒకచోట పిల్లలు తగ్గినచో ఒక సెక్షను పోవును. చిన్నపట్టణమందలి సర్కారు కళాశాలలో చరిత్రకో, తెలుగుసాహిత్యమునకో, వృక్షశాస్త్రమునకో ఉన్నది యొకే సెక్షను. అది పోయినచో ఆ పట్టణమున ఆ శాస్త్రమే పోవును. గీటు రెండుచోట్లను ఒక్కటియే; నష్టము ఒక్కటి గాదు.

మన ప్రాంతపు బిడ్డలు చదువునకు వెనుదీయువారా? మన కన్నుల యెదుటనే సాక్ష్యమున్నది. నాచుపల్లి కొండలచెంత 2007లో సాంకేతిక విశ్వవిద్యాలయపు కళాశాల యేర్పడినది. కరీంనగరమున 2008లో శాతవాహన విశ్వవిద్యాలయము స్థాపితమైనది. పొలాసయందు వ్యవసాయకళాశాల, కోరుట్లయందు పశువైద్యకళాశాల ఉమ్మడిరాష్ట్ర కాలముననే వెలసినవి. 2016 అక్టోబరు 11న జగిత్యాల, రాజన్న సిరిసిల్ల వేరు జిల్లాలైనవి. సిరిసిల్లలో 2021లో మరియొక సాంకేతిక కళాశాల వచ్చినది. పొలాసలో వ్యవసాయశాస్త్రమునకు, కోరుట్లలో పశువైద్యమునకు సీటు దొరకుట యెంత కష్టమో పోటీపరీక్షలు వ్రాసిన యింటివారి కెరుకయే. చదువు వెనుక బ్రతుకుదెరువు కనబడుచున్నచోటికి మన పిల్లలు పరుగెత్తుచున్నారు. కనబడనిచోట తప్పు పిల్లలదా, చదువుదా, చదువు చెప్పెడి యేర్పాటుదా? ఈ ప్రశ్నకు పట్టికలో గడి లేదు.

ఒక సంగతి చెప్పెదము. కోరుట్లప్రాంతమున నొక తల్లి బీడీలు చుట్టి కూతురును ఇంటరుదాక చదివించినది. తండ్రి గల్ఫుదేశమున కూలి. ఆ పిల్ల తెలుగుమాధ్యమమున చరిత్ర, రాజనీతిశాస్త్రము కోరి మొదటి విడతలోనే సీటు పొందెను. కొన్నాళ్లకు ఫోనున నొక సందేశము వచ్చెను. చాలినంతమంది చేరనందున వేరొక కోర్సుకు గాని వేరొక కళాశాలకు గాని మారవలెనని దాని సారాంశము. చెంతనున్న కోర్సు వాణిజ్యము, అదియు ఆంగ్లమున. కోరిన చదువున్న కళాశాల యేబది కిలోమీటర్ల దూరము. తల్లి ఆ ఫోనును చేతబట్టుకొని మాయొద్దకు వచ్చి యిట్లడిగినది: "సారూ, నా బిడ్డ ఏం తప్పు చేసింది? సీటు ఇచ్చిండ్రు, మళ్ల గుంజుకున్నరు. దీనిమీద కేసు వెయ్యొచ్చా?"

మేము నిబంధనలను తిరుగవేసితిమి. కేసు నిలుచునని చెప్పలేకపోతిమి. కోర్సు నడపక తప్పదని కళాశాల యెచ్చటను వ్రాసి యీయలేదు. ఇరువది యేండ్లుగా నల్లకోటు తొడుగుకొనుచున్న మాకు ఆ తల్లి ముఖము చూచుట కష్టమైనది. ఆ పిల్ల ఆ యేడు చదువు మానినది. మరుసటి యేడు ఇంట పెండ్లిమాటలు మొదలైనవి. ఇప్పుడామె తల్లిపక్కన చాట ముందు కూర్చున్నది. పట్టికలో నామె పేరెట్లు చేరునో గమనింపుడు. 'సీటు పొందియు చేరలేదు' అని చేరును. మరుసటి యేడు ఆ చదువునకు గిరాకి లేదనుటకు ఆమెయే సాక్ష్యమగును. చదువును మూసి, మూయుటవలన దూరమైన పిల్లను చూపి, చదువరులు లేరు గనుక మూసితిమనుట యెట్టి న్యాయము?

కావున సమీక్ష చేయువారు లెక్కతోపాటు ఐదు ప్రశ్నలు వేయవలెనని మా మనవి.

మొదటిది: ఆ కోర్సు నిజముగా బోధింపబడినదా? అధ్యాపకపదవులు ఏండ్లతరబడి ఖాళీగా నుండగా, అతిథి అధ్యాపకుడు సగము సంవత్సరము గడచిన పిదప వచ్చి, పరీక్షలకు ముందే పోవుచుండగా, ప్రయోగశాలలో గాజుకుప్పెలు దుమ్ము పట్టియుండగా, ఆ చదువునకు పిల్లలు రాలేదని యాశ్చర్యపడుట యెందుకు? సరుకులేని దుకాణమునకు కొనువారు లేరన్నట్లున్నది. తెలంగాణోద్యమకాలమున మనము నీళ్లు, నిధులు, నియామకములు అని యూరూర నినదించితిమి. మేమును ఆ జెండాను మోసినవారమే. నియామకములనగా ఉద్యోగార్థులకు కొలువులు మాత్రమే గాదు. మన బిడ్డలకు గురువులు. ఆ కుర్చీ ఖాళీగా నున్నంతకాలము ఆ కోర్సును విఫలమైనదనుట కెవరికిని హక్కు లేదు.

రెండవది: ఏ భాషలో బోధింపబడినది? ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2021-22 విద్యాసంవత్సరమునుండి డిగ్రీ బోధన నంతయు ఆంగ్లమాధ్యమమునకు మార్చెను. మనచోట నట్టి యొక్క వ్రేటు లేకున్నను, తెలుగుమాధ్యమపు సెక్షనులు ఒకదానివెనుక నొకటి కృశించుచునేయున్నవి. ఆంగ్లము వలదని మేమనము. ఆంగ్లము రానిదే కోర్టులో మాకును పూట గడవదు. కాని ఆంగ్లమును చక్కగ నేర్పుట వేరు, ఆంగ్లము రానివానికి అర్థశాస్త్రమును ఆంగ్లమున వల్లింపజేయుట వేరు. తెలుగున పాఠ్యగ్రంథములు లేవు గనుక తెలుగుమాధ్యమము నడవదందురు. నడపనిదే గ్రంథములెవరు వ్రాయుదురు? ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూభాషలో బోధన ప్రారంభించుటకు ముందే అనువాదశాఖ నొకదాని నేర్పరచి శాస్త్రగ్రంథములను ఉర్దూలోనికి తెప్పించిరి. ఆ ప్రభుత్వము తెలుగువారిపట్ల చూపిన పక్షపాతమును మేము మరువలేదు. అయినను పని చేయదలచినవాడు పనిముట్లు ముందు సిద్ధపరచుకొనునను పాఠము దానినుండి నేర్వవచ్చును.

మూడవది: అదే చదువు మరల నెంత దూరమున దొరకును? నేడు డిగ్రీ చదువులలో చేరువారిలో మగపిల్లలకంటె ఆడపిల్లలు హెచ్చు. ఈ మార్పు మన తరము చూచిన శుభములలో నొకటి. అయితే మగపిల్లవాడు బండియెక్కి పోవు దూరము ఆడపిల్ల యింటివారికి సముద్రమగును. జగిత్యాలనుండి కరీంనగరమునకు సుమారు ఏబది కిలోమీటర్లు, సిరిసిల్లనుండి నలువది. బస్సు గలదు, పాసు గలదు, నిజమే. తెల్లవారుజామున బయలుదేరి చీకటి పడిన పిమ్మట ఇల్లు చేరవలసిన చదువును ఎందరు తల్లిదండ్రులు సాగనిత్తురు? కోర్సు మూయుదురా, లేదా యని నిర్ణయించు కాగితముమీద కిలోమీటర్లను గూడ వ్రాయవలెను.

నాలుగవది: ఎన్ని యేండ్ల లెక్క చూచితిరి, ఏ లెక్క చూచితిరి? ఒక్క యేటి వర్షము చూచి చెరువును పూడ్చువాడు లేడు. కరోనావలన తరగతులు మూతబడిన 2020, 2021 వంటి సంవత్సరములను ప్రమాణముగా గైకొనరాదు. అదియుగాక, చేరినవారినే గాని ముగించినవారిని లెక్కింపరేల? ఉదాహరణకొక కోర్సులో అరువదిమంది చేరి యిరువదిమంది మాత్రమే పట్టము పొందిరనుకొందము. వేరొకదానిలో పండ్రెండుగురు చేరి పదునొకండుగురు పొందిరనుకొందము. నేటి పట్టిక మొదటిదానిని ఘనమనును, రెండవదానిని రోగి యనును. వైద్యుడు తలక్రిందుగా నాడి చూచినట్లున్నది.

ఐదవది: ఆ చదువునకు ఈ నేలతో సంబంధ మేమి? ఇది భావోద్రేకపు మాట గాదు. జగిత్యాల జిల్లా వెల్గటూరు మండలమున గోదావరితీరమున కోటిలింగాల యున్నది. స్థానికులగు విద్యావంతులు అచ్చట నేరి తెచ్చిన నాణెములు పండితుల దృష్టికి రాగా తవ్వకములు జరిగినవి. శాతవాహన వంశస్థాపకుడగు సిముకుని నాణెములు, అంతకుముందటి స్థానికప్రభువుల నాణెములు దొరకినవి. పి. వి. పరబ్రహ్మశాస్త్రిగారివంటి పండితులు వానిని చదివి చరిత్ర వ్రాసిరి. మన విశ్వవిద్యాలయము శాతవాహనులపేరు ధరించినది ఆ గౌరవముననే. ఆ పేరుగల విశ్వవిద్యాలయపు పరిధిలో, ఆ నాణెములు దొరకిన జిల్లాలో, చరిత్ర నేర్చువారు చాలలేదని చరిత్రను గీటివేసినచో ఆ పేరు ద్వారబంధముమీద మిగులును, దానిని చదువువాడు మిగులడు.

ఇంక కురిక్యాల. జగిత్యాలనుండి కరీంనగరమునకు పోవు త్రోవలో గంగాధర మండలమున నున్న యూరు. అచ్చటి బొమ్మలమ్మగుట్టమీద పదవశతాబ్దిని పంపకవి సోదరుడగు జినవల్లభుడు సంస్కృత కన్నడములతోపాటు తెలుగునను శాసనము చెక్కించెను. అందు తెలుగు కందపద్యములు గలవు. 2008లో తెలుగునకు ప్రాచీనభాషయను గుర్తింపు లభించినప్పుడు ఆ వాదమునకు బలము చేకూర్చిన సాక్ష్యములలో నిదియొకటి. మన కోర్టుభాషలో చెప్పవలెనన్న, వ్యాజ్యెము గెలిచిపెట్టిన దస్తావేజు మన గుట్టమీద నున్నది. దానిని చదువగల పిల్లవాడొకడైనను మన కళాశాలనుండి రావలెనా, వలదా? వేయిమంది రానక్కరలేదు. నలుగురు చాలును. కాని ఆ నలుగురు సున్నయైననాడు శాసనము మరల బండ యగును.

కొందరు మిత్రులందురు: ఇట్టి చదువులకు సంఖ్య యెన్నడును రాదు, ఈ కాలమున నివి నిలువవు అని. సంఖ్య లేని చదువులు నిలిచిన చరిత్ర మనకు లేదా? మాడపాటి హనుమంతరావుగారు 1928లో హైదరాబాదునందు తెలుగుబాలికలకు పాఠశాల స్థాపించిరి. తెలుగున బోధించు నున్నతపాఠశాలకు ఉస్మానియావారు గుర్తింపు నీయనందున, పూనాలోని కార్వేగారి మహిళావిశ్వవిద్యాలయపు పరీక్షలకు బాలికలను పంపవలసివచ్చినది. నేటి పట్టికవారు ఆనాడుండినచో ఆ పాఠశాల మొదటి యేడే గీటు తినియుండును. ఆ మాడపాటివారే 1935లో సిరిసిల్లలో జరిగిన నాలుగవ నిజాంరాష్ట్రాంధ్రమహాసభ కధ్యక్షత వహించిరి. ఆ సభలు మాతృభాషావిద్యకై కోరిన కోరిక యెల్లరకు తెలిసినదే. ఆ సిరిసిల్లకు చెంతనున్న హనుమాజీపేటలో 1931లో పుట్టిన సి. నారాయణరెడ్డిగారు ఉర్దూమాధ్యమమున చదువుకొనుచునే తెలుగును విడువక పట్టుకొనిరి. ఉస్మానియాలో రాయప్రోలు సుబ్బారావుగారివంటివారు నిలిపిన తెలుగుశాఖ ఆయనకు పట్టుగొమ్మ యైనది. అచ్చటనే 1962లో డాక్టరు పట్టము పొంది, అచ్చటనే ఆచార్యులై, 1988 సంవత్సరపు జ్ఞానపీఠపురస్కారము నందుకొనిరి. ఉర్దూ రాజ్యమేలుచుండిన విశ్వవిద్యాలయమున తెలుగునకు పిల్లలెందరని తలలెన్ని తలుపు మూసియుండినచో, మన సిరిసిల్ల బిడ్డ యెచ్చట చదివియుండును?

ఈ చిక్కు మనకే గలదనుకొనరాదు. ఇంగ్లండున షెఫీల్డు విశ్వవిద్యాలయమువారు 2021లో ప్రఖ్యాతిగల పురావస్తుశాఖను ప్రత్యేకశాఖగా మూసివేయ నిశ్చయించిరి, వేలమంది నిరసించిరి. అమెరికాలో వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయపు పాలకమండలి 2023 సెప్టెంబరులో 28 ప్రధానకోర్సులను తొలగించుటకు తీర్మానించెను. అందు విదేశభాషలు గలవు. ఆ తీర్మానము మంచిదని మేమనుట లేదు. అచ్చటి విద్యార్థులు వీధికెక్కిరి. కాని యొక సంగతి గమనింపుడు. అచ్చట కార్యక్రమముల లెక్కలు ముందుగా బయటపెట్టిరి. శాఖలు అప్పీలు చెప్పుకొనుట కవకాశ మిచ్చిరి. కొన్ని సిఫారసులు మారినవి గూడ. తప్పు తీర్పైనను విచారణ జరిగినది. మన బీడీకార్మికురాలి కూతురునకు దొరకినది ఫోనున నొక సందేశము.

సాంకేతికవిద్యలోను ఇదే తీరు వేరొక రూపున నడచుచున్నది. 2024-25 విద్యాసంవత్సరమునుండి అఖిలభారత సాంకేతికవిద్యామండలివారు ఒక్కొక్కశాఖలో సీట్లకున్న గరిష్ఠపరిమితిని తొలగించిరి. కంప్యూటరుశాఖలు ఉబ్బుచున్నవి; సివిలు, మెకానికలు శాఖలు ఎండుచున్నవి. ఆనకట్టలు, కాలువలు, వంతెనలు, మరమగ్గములు కంప్యూటరుతెరమీద పుట్టవు. సిరిసిల్ల సంగతి చూడుడు. బట్ట నేయుటయే యూపిరియైన పట్టణము. భీవండికి వలసపోయిన నేతగాండ్రను, అప్పులకు ప్రాణములు విడిచిన నేతగాండ్రను చూచిన పట్టణము. 2017నుండి కొన్నేండ్లు బతుకమ్మచీరల ఆర్డరులతో మగ్గములాడినవి. ఆర్డరు తప్పిననాడు ఆగినవి. ఎల్లకాలము సర్కారు ఆర్డరుమీద బ్రతుకరాదనినచో అద్దకము, వస్త్రశాస్త్రము, నమూనాల రచన, విపణి తెలిసిన చదువరులు ఆ యూరనే తయారు కావలెను. అట్టి చదువునకు మొదటి యేండ్లలో పిల్లలు తక్కువగా రావచ్చును. నేతగాని కొడుకు నేతను విడిచి పారిపోవలెనని చూచునే గాని, నేతశాస్త్రమును చదువవచ్చునని యెరుగడు. వానికి తెలియజెప్పి, మగ్గపుషెడ్లకు కళాశాలకు నడుమ త్రోవ వేయుట సమీక్ష. రెండేండ్లు చూచి యెత్తివేయుట పలాయనము.

ఇంక ప్రతిపక్షపు వాదమును మేమే వినిపించెదము. డబ్బు పరిమితము. నలుగురికొరకు నిలుపు ప్రతి కోర్సు నలువదిమందికి చెందవలసిన సొమ్మును తినుచున్నది. ఉపాధ్యాయులు తమ కుర్చీలను కాపాడుకొనుటకు శాస్త్రముపేరు వాడుచున్నారు. పాఠ్యప్రణాళిక ముప్పదియేండ్లనాటిది, దానిని చదివినవానికి నేటి కొలువులో పని దొరకదు. ఈ వాదమున సత్యమున్నది. మేమెరిగిన కొన్ని కోర్సులు పేరునకు మాత్రమే జీవించియున్నవి. వానిని మూయుటయే మేలు. ఒకే పట్టణమున ఒకే కోర్సు మూడుచోట్ల సగము సగముగా నడచుచుండినచో ఒకచోట చేర్చవలెను. చరిత్ర చెప్పువారు శాసనముచెంతకు ఒక్కనాడైనను పిల్లలను కొనిపోనిచో చరిత్రశాఖ తనను తాను మూసికొన్నట్లే. దీనిని మా మిత్రులగు అధ్యాపకులు నొవ్వక వినవలెను.

అయినను మూయుటకు ముందు ముత్యంపేట చక్కెరకర్మాగారమును తలచుకొనుడు. నష్టమను నొక్కమాటతో 2015 డిసెంబరులో అది మూతబడెను. లెక్కలో నష్టము మిగిలినది కంపెనీకి. లెక్కకు రాని నష్టము మెట్పల్లి, కోరుట్ల ప్రాంతపు చెరకురైతులకు, కూలీలకు, బండ్లవారికి. మూయుటకు ఒక్కదినము చాలినది. తెరచుటకు ఎన్ని సభలు, ఎన్ని కమిటీలు, ఎన్ని పాదయాత్రలు! యంత్రమే త్రుప్పుపట్టగా, చెరకు నాటుట రైతు మరచిపోవుచుండగా, కోర్సు సంగతి చెప్పనేల? అధ్యాపకుడు బదిలీ యగును, గ్రంథములు చెదలు తినును, ఆ చదువున్నదని పిల్లలు మరతురు. మరల తెరచినను ఆ త్రోవ యెవరికి దెలియును?

కావున మా ప్రార్థన యిది. దావా అర్జీలో కడపట ప్రార్థన వ్రాయుట మా వృత్తిధర్మము.

ఏ కోర్సునైనను మూయదలచినచో ఒక విద్యాసంవత్సరము ముందుగా కళాశాల గోడమీదను, ఊరి గ్రంథాలయమునను నోటీసు వేయవలెను. మేము చెప్పిన యైదు ప్రశ్నలకు జవాబులు లెక్కలతో వ్రాసి ప్రకటింపవలెను. అధ్యాపకులను, విద్యార్థులను, తల్లిదండ్రులను ఒక దినము కూర్చుండబెట్టి వినవలెను. అధ్యాపకుని నియమించి, పాఠ్యప్రణాళికను సవరించి, ప్రచారము చేసి మూడేండ్లు గడువీయవలెను. అప్పటికిని పిల్లలు రానిచో మూయవచ్చును; మేమే వచ్చి సంతకము పెట్టెదము. కాని చేరియున్న చివరి విద్యార్థి పట్టము పుచ్చుకొనుదాక బోధన ఆగరాదు. ఒకసారి సీటిచ్చి చేర్చుకొన్న పిల్లకు ఆ సీటును తీసివేయు అధికారము ఎవరికిని ఉండరాదు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల యను మూడుపట్టణముల కళాశాలలు తమలో తాము పంచుకొనవలెను. చరిత్రాధ్యాపకుడు వారమున రెండుదినములు జగిత్యాలలో, రెండుదినములు కోరుట్లలో చెప్పరాదా? సిరిసిల్లలో చెప్పు తెలుగుపాఠమును ఆన్‌లైనున కోరుట్ల పిల్లలు వినరాదా? ప్రవేశములకు ఆన్‌లైను పనికివచ్చినప్పుడు పాఠములకు పనికిరాకుండునా? పిల్లలు తిరుగుటకు మారుగా గురువులు తిరిగినచో ఒక్కొక్కచోట ఆరుగురుగా నున్నవారు పదునెనిమిదిమంది యగుదురు. అప్పుడా కోర్సు పట్టికలోను బ్రతుకును.

కడపటి మాట మనకే. గీటు వేయువారిని నిందించినంత తేలికగా మనలను మనము విడువరాదు. మన యిండ్లలోని పిల్లలను మనమెచ్చటికి పంపుచున్నాము? తెలుగు, చరిత్ర నశించుచున్నవని సభలలో శోకించు మేము మా పిల్లలకు ఆ చదువులు చెప్పించితిమా? లేదు. ఆ తప్పు మాది. దానిని మీ యెదుట నొప్పుకొనుచున్నాము. రానున్న ప్రవేశముల కాలమున మాతోడి వకీళ్లు కొందరు, ఉపాధ్యాయులు కొందరు కలసి ఇంటరు ముగించిన పిల్లల యిండ్లకు పోయి, ఏ కళాశాలలో నేమి యున్నదో, దానివలన నేమి యగునో చెప్పుటకు నిశ్చయించితిమి. ఉద్యమమున గోడలమీద వ్రాతలు వ్రాసిన చేతులకు ఈ పని బరువుగాదు. మీలో వచ్చువారు సభ ముగియగనే పేర్లు వ్రాయింపుడు.

ఆ బీడీకార్మికురాలి యింటికి మేము మొదట పోయెదము. ఆ పిల్ల వయస్సు ఇంకను మించలేదు. ఆమె కోరిన కోర్సు ఈ యేడు తెరచియుండునా, లేదా యన్నది మనము చేయబోవు పనిమీద నున్నది.